అంకె పక్కన అక్షరం: కంప్యూటరు ప్రశ్నలో దళితుల భూమి

భూమి గురించి దళిత ఉద్యమం మాట్లాడిందంతా చాలావరకు ఎకరాల లెక్క. ఎంత పంచారు, ఎంత పంచలేదు, పంచిన దాంట్లో ఎంత చేతులు మారింది. ఈ లెక్క ఎక్కణ్ణించి వస్తుంది, ఎవరు తీసిస్తారు, తీసేటప్పుడు కంప్యూటరును ఏమని అడుగుతారు అన్నది మాత్రం సాంకేతిక నిపుణుల పనిగా మిగిలిపోయింది. దళిత అధ్యయనాలు కవిత్వాన్ని చదివాయి, నవలని చదివాయి, జీవోలనీ కోర్టు తీర్పులనీ వాక్యం వాక్యం పట్టి చదివాయి. రికార్డుల కంప్యూటరుకు వేసే ప్రశ్నను మాత్రం చదవదగిన రాతగా చూడలేదు. అదీ రాతే. దాన్నీ ఎవరో ఒకరు ఎక్కడో కూచుని రాస్తారు. అందులో కూడా వదిలేసినవీ, కలిపేసినవీ ఉంటాయి. ఇక్కడ మేము చదవబోతున్నది అందులో ఒక చిన్న ముక్క: అంకెనీ అక్షరాన్నీ ఒక్కచోట కలిపే ముక్క.

ఒక ఊరు పట్టుకుని మాట్లాడితే సులువు. చేజర్ల తీసుకుందాం. నెల్లూరు జిల్లా పడమటి వైపు ఆత్మకూరు రెవిన్యూ డివిజనులో మండల కేంద్రం. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతమంటే మెట్ట, బంజరు, చెరువు కింద కాస్త మాగాణి. అయితే కంప్యూటరులో ‘చేజర్ల’ అని కొడితే ఏ చేజర్ల? కపోతేశ్వరాలయం ఉన్న చేజర్ల మరొకటుంది, ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. ఒకరు చేజర్ల అని రాస్తారు, ఇంకొకరు చేజెర్ల అంటారు. మనిషికి రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేరు పేర్లు. నెల్లూరు జిల్లా పేరే 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. పాత పట్టికలో ‘నెల్లూరు’ అనీ కొత్త పట్టికలో పూర్తి పేరూ ఉంటే, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి సరిపోల్చమంటే యంత్రం సరిపోలవు అంటుంది. అందుకనే పేరును పక్కన పెట్టి గ్రామానికొక కోడు నంబరు ఇచ్చారు. పేరు నమ్మదగింది కాదు, అంకె నమ్మదగింది అన్నది పరిపాలనకు పాత నమ్మకం. ఈ నమ్మకం దగ్గరే మా పేచీ.

ఎందుకంటే సర్వే నంబరు అంకె కాదు. పేరులో ‘నంబరు’ ఉన్నంత మాత్రాన నంబరు కాదు. మద్రాసు రాజధాని కాలంనాటి రైత్వారీ సర్వేలో ఒక పొలానికి ఒక సంఖ్య పడుతుంది. 145 అనుకుందాం (మేము ఉదాహరణకు అనుకున్న సంఖ్య, ఎవరి పొలమూ కాదు). పొలం చీలితే 145-1, 145-2 అవుతుంది. 145-2 మళ్ళీ చీలితే 145-2ఏ, 145-2బి. ఇంకా చీలితే 145-2ఏ1. అంకె, అక్షరం, అంకె. తెలంగాణలో నిజాం కాలపు పద్ధతి వేరు, అక్కడ సంఖ్య పక్కన తెలుగు అక్షరాలే పడతాయి: 25/అ, 25/ఆ. వీటిని కూడలేం, సగటు తీయలేం. ఇది ఒక పేరు. అంకెల వేషం కట్టిన పేరు.

ఈ తోక ఎవరికి పొడుగు? చదివే మిత్రులు ఇక్కడ కొంచెం ఆగాలని కోరుతున్నాం. పాత పట్టాదారు భూమి చాలా చోట్ల ఒకే సంఖ్య కింద నిండుగా ఉంటుంది. అన్నదమ్ములు పంచుకుంటే అదీ చీలుతుంది, కాదనం. కానీ ప్రభుత్వం బంజరు పంచినప్పుడు ఏం జరుగుతుంది? ఒక పెద్ద సంఖ్య తీసుకుని దాన్ని ఎకరా, ఎకరన్నర, డెబ్బై సెంట్లుగా కోసి, ఇరవై ముప్పై కుటుంబాలకు డి.కె.టి. పట్టాలిస్తారు. ముక్క చిన్నదయ్యేకొద్దీ నంబరు పొడుగవుతుంది. అంటే అంకె వెనక అక్షరాల తోక ఎక్కువగా మాలమాదిగల పట్టాలకే ఉంటుంది. తోకను సరిగ్గా చూడలేని యంత్రం అందరినీ ఒకేలా చూడనట్టు కాదు. చిన్నకమతం ఉన్నవాణ్ణే ముందు చూడలేకపోతుంది.

ఇక ప్రశ్న రాసే భాష సంగతి. రికార్డుల పట్టికల్ని ప్రశ్నించడానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడే భాష ఎస్.క్యూ.ఎల్. 1974లో ఐ.బి.ఎం. కంపెనీలో చేంబర్లిన్, బోయ్స్ అనే ఇద్దరు దీన్ని ‘సీక్వెల్’ అన్న పేరుతో మొదలుపెట్టారు. ప్రోగ్రాములు రాయడం రానివాళ్ళు కూడా మామూలు ఇంగ్లీషు మాటల్లాంటి వాటితో పట్టికను ప్రశ్నించగలగాలన్నది వాళ్ళ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. యాభై ఏళ్ళ తర్వాత చూస్తే మన ఊళ్ళల్లో ఆ ప్రశ్న అడిగే హక్కు మాత్రం ప్రోగ్రాములు రాసేవాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

ఈ భాషలో ప్రతి గడికీ ముందే ఒక జాతి నిర్ణయిస్తారు. ఇది అంకెల గడి, ఇది అక్షరాల గడి, ఇది తేదీల గడి. పుట్టుకతో వచ్చిన జాతి, మధ్యలో మారడం కష్టం. (ఈ పోలిక మేము పెట్టింది కాదు, ఆ శాస్త్రంలోనే గడులకు జాతులంటూ వర్గాలున్నాయి.) అంకెల గడిలో 145 పడుతుంది, 145-2ఏ పట్టదు. కనుక సర్వే నంబరును రెండు గడులుగా విడగొట్టి, ఒకదాంట్లో సంఖ్య, మరోదాంట్లో తోక పెట్టడం ఒక పద్ధతి. వెతికేటప్పుడు రెండూ కలపాలి. కలిపే గుర్తు ఏది?

ఇక్కడే తమాషా. ఎస్.క్యూ.ఎల్. ప్రమాణం ప్రకారం రెండు నిలువు గీతలు పక్కపక్కన పెడితే అక్షరాలు అతుక్కుంటాయి. మైక్రోసాఫ్ట్ వారి సర్వరులో చాలాకాలం కూడిక గుర్తే అతికే గుర్తు. అక్షరాలుగా రాసుకున్న 145కి అక్షరంగా రాసుకున్న 2ని ‘కూడితే’ 1452 వస్తుంది. అదే 2 అంకెల గడిలోంచి వస్తే యంత్రం రెంటినీ అంకెలు చేసి 147 అంటుంది. అతికిందా, కూడిందా అన్నది గడి జాతిని బట్టి ఉంటుంది, అడిగినవాడి ఉద్దేశాన్ని బట్టి కాదు. 2ఏ లాంటి తోక వస్తే మాత్రం, అంకెగా మార్చడం కుదరలేదని తప్పు చూపించి ఆగిపోతుంది. అట్లా ఆగిపోవడం మేలు. తప్పు జరిగిందని కనీసం తెలుస్తుంది. మై ఎస్.క్యూ.ఎల్. అన్న మరో ప్రసిద్ధ సరుకులో ఆ మర్యాద కూడా లేదు. అక్కడ రెండు నిలువు గీతలకు మామూలుగా ‘ఇది గానీ అది గానీ’ అని అర్థం. అక్షరాల్ని అంకెతో పోల్చమంటే ముందున్న అంకెల్ని తీసుకుని మిగతాది వదిలేస్తుంది. 145-2ఏ, 145 రెండూ సమానమేనా అని అడిగితే (145ను అంకెగా రాసి) సమానమే అంటుంది. తోక తెగిపోయింది, ఎవరికీ చెప్పకుండా. యంత్రాల చిట్టాల్ని వెతకడానికి వాడే స్ప్లంక్ అనే భాషలో అంకెనీ అక్షరాన్నీ కలపడానికి చుక్క పెట్టాలి. చుక్క గురించి మళ్ళీ వస్తాం.

విడదీసే గీత లేకుండా అతికితే ఏమవుతుందో కూడా చూడాలి. 145 పక్కన 2 పెడితే 1452. 14 పక్కన 52 పెట్టినా 1452. పద్నాలుగో నంబరు యాభై రెండో ముక్కా, నూటనలభై అయిదో నంబరు రెండో ముక్కా ఒకటే అయిపోయాయి. ఊరికి ఆ చివర పొలం, ఈ చివర పొలం. మధ్యలో ఒక్క అడ్డగీత పెడితే పోయే జబ్బు. ఊళ్ళో మనిషి మాత్రం ‘నూటనలభై అయిదు బై రెండు ఏ’ అంటాడు. ఆ ‘బై’ ఎప్పుడూ మరచిపోడు. చదువు రానివాళ్ళు కూడా తమ పట్టా నంబరు ‘బై’తో సహా గుర్తుపెట్టుకుంటారు. గడులు కట్టినవాళ్ళకే అది అనవసరమనిపిస్తుంది.

అక్షరాల గడిలో పెట్టినంత మాత్రాన తంటా తీరదు. అక్షరాలుగా వరస పెట్టమంటే 1, 10, 100, 101, 2, 20 అని వస్తుంది. 145-2ఏలో ఆ ‘ఏ’ ఇంగ్లీషు అక్షరమా, తెలుగు అక్షరమా? గీతకు ముందు ఖాళీ ఉందా లేదా? ఒక చోట అడ్డగీత, ఇంకోచోట వాలుగీత. కంటికి ఒకటే, యంత్రానికి నాలుగు. ఈ రికార్డును ఎక్సెల్‌లోకి ఎత్తితే మరో వింత: 12-3 అన్న సర్వే నంబరును తేదీ అనుకుని మార్చేస్తుంది. ఇది మన తహసీలు కచేరీల అమాయకత్వం కాదు. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని విసిగిపోయి, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో కొన్ని మానవ జన్యువుల పేర్లే మార్చుకుంది. శాస్త్రవేత్తలు సంఘంగా కూడితే పేరు మార్చుకోగలిగారు. డెబ్బై సెంట్ల పట్టాదారు తన సర్వే నంబరు మార్చమని ఎవరినడగాలి?

అంకెగా కనిపించి అంకె కానివి ఇంకా ఉన్నాయి. నెల్లూరులో 1.05 అంటే ఎకరా అయిదు సెంట్లు, కాబట్టి కూడిక సరిపోతుంది. అదే తెలంగాణ రికార్డులో చుక్క తర్వాతవి గుంటలు, నలభై గుంటలు ఎకరా. 0.30కి 0.30 కూడితే యంత్రం 0.60 అంటుంది, పొలంలో అది ఎకరా ఇరవై గుంటలు. డి.కె.టి. ఫైలు నంబరులో ఫసలీ సంవత్సరం ఉంటుంది. 1384 ఫసలీ అంటే 1974 జులై నుంచి 1975 జూన్ దాకా. 2023లో అసైన్డ్ భూముల చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చునన్నారు. ఆ సవరణ దళితులకు మేలా కీడా అన్న చర్చ వేరే చెయ్యాలి. ఇరవై ఏళ్ళు లెక్కగట్టే ప్రశ్నకు 1384ను ఉన్నదున్నట్టు అందిస్తే ఆ పట్టా వయసు ఆరువందల ఏళ్ళు దాటుతుంది. నవ్వు వస్తుంది గానీ, ఆ లెక్కలో చిక్కుకున్నవాడికి రాదు.

రిజిస్ట్రేషను చట్టం 22-ఏ సెక్షను సంగతి మన కార్యకర్తలకు తెలిసిందే. 2007లో రాష్ట్రం తెచ్చిన ఈ సెక్షను కింద అసైన్డ్ భూములు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫు భూములు, సీలింగు మిగులు భూములు నిషేధిత జాబితాలో ఉంటాయి. ఈ జాబితాలు ఎట్లా ఉండాలో 2015 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఫుల్ బెంచి మార్గదర్శకాలిచ్చింది. జాబితాను దస్తావేజుతో సరిపోల్చేది మళ్ళీ సర్వే నంబరుతోనే. జాబితాలో తోక లేకుండా 145 అని ఉందనుకోండి. అందులో అసైన్డ్ అయింది 145-2 మాత్రమే అయినా, 145లో ఏ ముక్కకూ రిజిస్ట్రేషను జరగదు. తిప్పి చూడండి: జాబితాలో 145-2 అని ఉంది, దస్తావేజులో 145-2ఏ అని రాసుకొచ్చారు. అచ్చుగుద్దినట్టు ఒకటే అయితేనే ఆపమని ప్రశ్న రాసి ఉంటే, 145-2ఏ జాబితాలో లేదు, దస్తావేజు నడిచిపోతుంది. మొదటి దాంట్లో దళితుడికి బ్యాంకు అప్పు పుట్టదు. రెండో దాంట్లో దళితుడి భూమి మరొకరి పేర నడుస్తుంది. ఒకే ప్రశ్న, ఒక గీత అటూ ఇటూ. ‘సాంకేతిక లోపం’ అన్న మాట ఇక్కడ చాలా పని చేస్తుంది. లోపం అందరికీ సమానంగా జరిగితే కావచ్చు గానీ, దిద్దించుకునే శక్తి సమానంగా లేదు. కచేరీలో మనిషి, చేతిలో వకీలు ఉన్న రైతుకు అది ఒక పూట పని. మిగతావాళ్ళకు కూలి పోగొట్టుకునే తిరుగుడు.

చుక్క దగ్గరికి వద్దాం. బ్రిటిషు వాళ్ళ రీసెటిల్‌మెంటు రిజిస్టరులో కొన్ని సర్వే నంబర్లకెదురుగా పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టారు. ఇవే చుక్కల భూములు. ఈ చుక్క ఉన్నందుకే ఈ భూములు నిషేధిత జాబితాలోకి పోయాయి. 2017లో ఇందుకోసం ప్రత్యేక చట్టం చేశారు. 2023 మే 12న మన జిల్లా కావలిలోనే ముఖ్యమంత్రి సభ పెట్టి, 97 వేల పైచిలుకు కుటుంబాలకు సంబంధించి రెండు లక్షల ఎకరాల చుక్కల భూములకు పూర్తి హక్కులిస్తున్నామన్నారు. అంత విస్తీర్ణాన్ని అన్నేళ్ళు ఆపింది ఒక చుక్క. కంప్యూటరుకు చుక్క అంటే ఏంది? అక్షరమంటే అక్షరం: ‘చుక్క’ అనే పేరుగల పట్టాదారు. ఖాళీ అంటే ఖాళీ. లేదంటే ‘తెలియదు’ అన్న ప్రత్యేక గుర్తు, దాన్ని వాళ్ళు నల్ అంటారు. ఎస్.క్యూ.ఎల్. ప్రమాణంలో నల్‌తో ఏది కలిపినా మొత్తం నల్ అవుతుంది. గ్రామం కోడు ఉంది, సర్వే నంబరు ఉంది, తోక దగ్గర నల్ ఉంది. మూడూ అతికితే ఊరూ పోయింది, నంబరూ పోయింది, అంతా ‘తెలియదు’. ఒరాకిల్ అనే సరుకులో మాత్రం నల్‌ను ఖాళీగా అనుకుని మిగతావి నిలబెడతారు. ఒక కంపెనీ సరుకులో కనపడే పొలం మరో కంపెనీ సరుకులో మాయమవుతుంది. చుక్క పెట్టిన అధికారి హక్కు తేలలేదన్నాడు. గడి కట్టినవాడు దాన్ని ఏ జాతిలో వేస్తే ఆ అర్థం వస్తుంది: తేలలేదు, లేదు, లేడు. ఈ మూడు మాటలకీ తేడా తెలియని తెలుగువాడు ఉండడు.

అంకె మొత్తానికి చెడ్డది, పేరు మొత్తానికి మంచిది అని మేము అనడం లేదు. పల్లెల్లో పొలాలకు పేర్లుండేవి: వెట్టి మాన్యం, తోటి మాన్యం, మాదిగ మాన్యం. పేరు వింటేనే ఆ భూమి ఏ చాకిరీకి బదులు ఎవరికి దక్కిందో తెలిసేది. 1956 ఇనాముల రద్దు చట్టం తర్వాత వీటికి రైత్వారీ పట్టాలివ్వాలి. ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఎగ్గొట్టారు అని ఇవాళ వెతకాలంటే పేరే ఆధారం, 145 అన్న అంకెలో ఆ చరిత్ర లేదు. మరోవైపు, పేరు రాజ్యమేలినంత కాలం కరణం రాజ్యమేలాడు. ఏ పేరు ఏ నంబరో కలిపి చెప్పగలిగింది అతనొక్కడే, ఆ కలపడమే అతని అధికారం. 1984లో ఆ పదవులు రద్దు చేశారు. కలిపే పని మాత్రం రద్దు కాలేదు. కరణం నోటి నుంచి అది ప్రశ్న రాసేవాడి చేతికి వచ్చింది. కరణంతో అయితే పోట్లాడొచ్చు, కనీసం ఇల్లు తెలుసు.

2015లో వచ్చిన మీభూమిలో సర్వే నంబరుతో వెతకొచ్చు, ఖాతా నంబరుతో, ఆధార్‌తో, పట్టాదారు పేరుతో వెతకొచ్చు. కచేరీ చుట్టూ తిరిగే పని తగ్గింది, ఇది నిజమైన మేలు. కానీ ఈ తలుపులన్నీ ‘నాది ఎక్కడుంది’ అని అడిగే ఒక్కొక్కడి కోసం. ‘మాది ఎవరి కిందుంది’ అని అడిగే తలుపు లేదు. 1977 చట్టం అసైన్డ్ భూమిని చేతులు మార్చడాన్ని నిషేధించింది, అట్లా పోయినదాన్ని తిరిగి అప్పగించే ఏర్పాటు పెట్టింది. ఆ చట్టం అమలయిందా అని తేల్చే ప్రశ్న నిజానికి చిన్నది: ఈ మండలంలో అసైన్‌మెంటు రిజిస్టరులో ఉన్న పేరు ఒకటీ, అడంగల్‌లో అనుభవదారు గడిలో ఉన్న పేరు ఇంకొకటీ అయిన నంబర్లు చూపించు. రెండు పట్టికల్ని గ్రామం కోడు, సర్వే నంబరు, తోక కలిపి జతచెయ్యాలి. ఒక పట్టికలో 145-2ఏ అనీ, మరోదాంట్లో 145/2ఏ అనీ ఉంటే జత కలవదు. యంత్రం తప్పని చెప్పదు, ఆగదు. సున్నా వరసలు అని చూపిస్తుంది. ఆ సున్నా పైకి పోయేసరికి ‘అన్యాక్రాంతం కేసులు లేవు’ అన్న వాక్యం అవుతుంది. జత కలవకపోవడం వేరు, భూమి పోకపోవడం వేరు. పేర్లది మరో గొడవ. ఇంటిపేరు ముందా వెనకా, ‘అయ్య’ ఉందా లేదా, తండ్రి పేరు అదే గడిలో ఉందా. పేర్లు తేడాగా ఉన్నవన్నీ చూపించమంటే అక్షరదోషాలన్నీ ఆక్రమణలుగా వచ్చిపడతాయి. అందుకని ఈ ప్రశ్న జవాబును ఊళ్ళోకి తీసుకుపోయి వాడలో కూచుని సరిచూడక తప్పదు. కంప్యూటరు ఇచ్చేది జాబితా, సాక్ష్యం కాదు.

రీసర్వే దీన్నంతా మరో మలుపు తిప్పింది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల చోట ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. తోకలు పోయి ఒట్టి అంకె మిగిలింది. యంత్రానికి హాయి. అయితే కొన్నిచోట్ల నలుగురైదుగురి ముక్కల్ని ఒకే నంబరు కింద జాయింటు ఎల్.పి.ఎం. చేశారు. తోక చెప్పే సంగతి అంకెలోంచి పోయి పేర్ల జాబితాలోకి పోయింది. దళితుడి ట్రంకుపెట్టెలో ఉన్న పట్టా కాగితం మీద మాత్రం 145-2ఏ అనే ఉంటుంది. ఆ కాగితానికీ కొత్త అంకెకీ మధ్య వంతెన ఒకే ఒక పొంతన పట్టిక. 2024లో ప్రభుత్వం మారింది, భూ హక్కుల చట్టం రద్దయింది. చట్టం రద్దయితే నంబర్లు తమంతట తాము పాతవి కావు.

కాబట్టి చేజర్లలో గానీ ఉదయగిరిలో గానీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టే మిత్రులు ‘అసైన్డ్ భూముల వివరాలు ఇవ్వగలరు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకోవద్దని మా సూచన. 2005 చట్టం 2(జె) కింద కంప్యూటరులో ఉన్న సమాచారాన్ని కంప్యూటరు రూపంలోనే పొందే హక్కుంది. అచ్చుతీసిన కట్టలు వద్దనండి. గ్రామం కోడు, సర్వే సంఖ్య, తోక మూడూ మూడు గడుల్లో, మూడూ అక్షరాలుగానే కావాలని రాయండి. చుక్క, ఖాళీ, ‘తెలియదు’ వేటికవి ఎట్లా నమోదు చేశారో అడగండి. రీసర్వే అయిన ఊరయితే పాత నంబరుకూ ఎల్.పి.ఎం.కూ పొంతన పట్టిక మొత్తం అడగండి. ‘లేవు’ అని జవాబు వస్తే, ఆ ‘లేవు’ రావడానికి కంప్యూటరుకు వేసిన ప్రశ్న నకలు కూడా అడగండి. అది మూడు నాలుగు వరసలకు మించి ఉండదు. మన కాలేజీల్లో కంప్యూటర్లు చదివే పిల్లలు వాడవాడకీ ఉన్నారు, వాళ్ళకు చూపిస్తే రెండు పట్టికల్ని ఏ గుర్తుతో కలిపారో చెప్పేస్తారు.